ఆటల వార్తలో రంగు ఎక్కడ దూరుతుందో పట్టుకోవడం ఎలా

2018 సెప్టెంబర్ 9, ఆదివారం. మన టైమ్ ప్రకారం ఆ తెల్లవారుజామున ముగిసిన యూఎస్ ఓపెన్ మహిళల ఫైనల్ మా స్పోర్ట్స్ పేజీకి మెయిన్ వార్త. నవోమి ఒసాకా 6-2, 6-4తో సెరెనా విలియమ్స్‌ను ఓడించింది. కానీ స్కోరు ఎవరిక్కావాలి? కోచ్ సైగలు అందుకుందని సెరెనాకు ఒక హెచ్చరిక, రాకెట్ విరగ్గొట్టినందుకు ఒక పాయింట్ కోత, అంపైర్ కార్లోస్ రామోస్‌ను దొంగ అన్నందుకు ఏకంగా ఒక గేమ్ కోత. ఏజెన్సీ కాపీ నిండా ఇదే గొడవ. పేజీ వెళ్లడానికి నలభై నిమిషాలుంది. "నల్లకలువ ఉగ్రరూపం" అని హెడ్డింగ్ కొట్టాను. పక్క సీట్లో కుర్రాడు "సూపర్ సార్" అన్నాడు. పేజీ పంపేసి, కింద టీ తాగి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు డెస్క్‌కి ఫోనొచ్చింది. తెనాలి నుంచి ఒకావిడ, లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యారట. తిట్టలేదు. "బాబూ, ఒక్క సందేహం. షరపోవాను మీరు ఎప్పుడైనా తెల్లకలువ అన్నారా?" అని అడిగారు. లేదు మేడమ్ అన్నాను. "ఏం, ఆమెకు రంగు లేదా?" అని నవ్వి పెట్టేశారు.

నల్లకలువ తిట్టు కాదు. పొగడ్త అనుకునే రాశాం. వీనస్, సెరెనా అక్కాచెల్లెళ్లిద్దరినీ కలిపి నల్లకలువలు అని ఏళ్ల తరబడి రాశాం. చోటు చాలక రాశామని చెప్పుకోవడానికీ లేదు. సెరెనా మూడక్షరాలు, నల్లకలువ ఐదు. పేరుకన్నా పొడుగు మాట పెట్టి మరీ ఆమె రంగును గుర్తుచేశాం.

నిజానికి ఈ విషయంలో నాకు అందరికన్నా ముందే బుద్ధి రావాల్సింది. గుంటూరులో మా వీధి జట్టులో నా పేరు మార్షల్. 1983 చివర్లో వెస్టిండీస్ జట్టు వచ్చి మనవాళ్లను చితక్కొట్టి వెళ్లింది. మాల్కమ్ మార్షల్ ఆ సిరీస్‌లో 33 వికెట్లు తీశాడు, కాన్పూర్‌లో అతని బంతికి గావస్కర్ చేతిలోంచి బ్యాట్ ఎగిరిపోయింది. నేను వేసేది మాత్రం ఆఫ్ స్పిన్, అందులోనూ సగం ఫుల్‌టాసులు. జట్టులో అందరికన్నా నల్లగా ఉండేవాణ్ణి, అందుకని మార్షల్. అలాంటివాణ్ణి డెస్క్‌లో కూర్చున్నాక చేసిన పని ఇది.

ఇప్పుడు ఉద్యోగం మానేశాను. వెబ్‌సైట్లకు, యూట్యూబ్ ఛానళ్లకు ఆటల వార్తలు రాసే పిల్లలకు వారానికి రెండు క్లాసులు చెబుతున్నాను. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. చూసేవాళ్లకూ చదివేవాళ్లకూ కూడా పనికొస్తుంది.

ముందు, పేరు మార్చి పైకి చదవండి

అన్నిట్లోకీ సులువైన పద్ధతి ఇదే, నేను బాగా నమ్మేదీ ఇదే. వార్తలో ఆటగాడి పేరు తీసేయండి. అదే ఆట, అదే స్థాయి, కానీ రంగు వేరు, అలాంటి ఇంకొకరి పేరు పెట్టి బయటికి చదవండి. మనసులో చదివితే లాభం లేదు, కన్ను జారిపోతుంది. పైకి చదివితే ఎక్కడో ఒకచోట నాలుక తడబడుతుంది. పెన్సిల్ అక్కడ పెట్టండి.

2018 డిసెంబర్‌లో మాంచెస్టర్ సిటీ నల్లజాతి ఫుట్‌బాలర్ రహీం స్టెర్లింగ్ చేసింది ఇలాంటి పనే. చెల్సీ మైదానంలో ప్రేక్షకులు తనను తిట్టిన మర్నాడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇద్దరు ఆటగాళ్ల మీద వచ్చిన రెండు హెడ్డింగులు పక్కపక్కన పెట్టాడు. రెండూ బ్రిటన్‌లో అచ్చయినవే. ఇద్దరూ మాంచెస్టర్ సిటీ కుర్రాళ్లు, ఇద్దరూ తల్లి కోసం ఇల్లు కొన్నారు, ఇద్దరూ మంచి పనే చేశారని అతను రాశాడు. తెల్లబ్బాయి ఫిల్ ఫోడెన్ గురించి హెడ్డింగ్ సారాంశం: సిటీ యువతార తల్లి కోసం 20 లక్షల పౌండ్ల ఇల్లు కొన్నాడు. నల్లబ్బాయి టోసిన్ అదరబియోయో గురించి: వారానికి 25 వేల పౌండ్లు తీసుకునే ఇరవయ్యేళ్ల ఫుట్‌బాలర్, ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ తొలి పదకొండు మందిలో లేకపోయినా, 22.5 లక్షల పౌండ్ల భవంతి మీద డబ్బు కుమ్మరించాడు.

రెండోది నిదానంగా మళ్లీ చదవండి. అందులో అబద్ధం లేదు, తిట్టు లేదు. ఒకరిది ఇల్లు, ఇంకొకరిది భవంతి. ఒకరు కొన్నాడు, ఇంకొకరు కుమ్మరించాడు. ఒకరికి తల్లి ఉంది, ఇంకొకరికి జీతం ఉంది. ఇక ఆ "లేకపోయినా" చూడండి. ఆ ఒక్క ముక్కతో, వీడికి ఇంత అర్హత ఎక్కడిది అనే ప్రశ్న చదివేవాడి బుర్రలోకి దూరిపోతుంది. తమాషా ఏమిటంటే అప్పటికి ఫోడెన్ కూడా ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు. అతనికి ఆ అవకాశం 2019 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ సంగతి అతని హెడ్డింగ్‌లో ఎవరికీ అవసరం అనిపించలేదు.

అందుకే నా క్లాసులో మొదటి రోజే చెబుతాను: చెడ్డ మాటల కోసం వెతక్కండి. మంచి మాటలు ఎవరికి ఏవి పంచారో చూడండి. చెడ్డ మాటను ఏ ఎడిటరైనా కొట్టేస్తాడు.

నోట్‌బుక్ పెట్టుకుని ఒక మ్యాచ్ చూడండి

ఫుట్‌బాల్ అయితే దీనికి బాగుంటుంది, రెండు గంటల్లో అయిపోతుంది. పేజీలో నాలుగు గడులు గీయండి. ఒళ్లు: బలం, వేగం, ఎత్తు. బుర్ర: ఆలోచన, చూపు, అంచనా. కష్టం: శ్రమ, క్రమశిక్షణ, నాయకత్వం. గుణం: కోపం, గర్వం, బద్ధకం. కామెంటేటర్ ఒక ఆటగాడి గురించి ఏ విశేషణం వాడినా, ఆటగాడి నంబర్ రాసి ఆ గడిలో వేయండి. పొగిడితే ప్లస్, తిడితే మైనస్. గోల్ ఎలా పడిందో చెప్పే మాటలు వదిలేయండి, మనిషి గురించి చెప్పేవే పట్టుకోండి.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నప్పుడు వాడితో కలిసి చేశాను. మొదటి పది నిమిషాలు ఏమీ దొరకలేదు, వాడికి విసుగొచ్చింది. తర్వాత ఒకతను డిఫెండర్ వెనకనుంచి పరుగెత్తి బంతి అందుకున్నాడు. కామెంటేటర్ "ఎంత ముందే పసిగట్టాడో" అన్నాడు. కాసేపటికి అటు జట్టులో ఇంకొకతను దాదాపు అదే పరుగు తీశాడు. ఈసారి "ఆ స్పీడ్ చూడండి" అన్నాడు. మావాడు పెన్ను ఆపేసి, "నాన్నా, రెండూ ఒకే పరుగు కదా, వేరే గడుల్లో ఎందుకు వేస్తున్నాం?" అన్నాడు. ఆటగాళ్లిద్దరి రంగు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దీన్నే పెద్ద ఎత్తున చేశారు. 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ, ఇంగ్లండ్ ఆటగాళ్ల సంఘంతో కలిసి, నాలుగు యూరప్ లీగుల్లోని 80 మ్యాచ్‌ల ఇంగ్లిష్ కామెంటరీ నుంచి 2,073 వ్యాఖ్యలు తీసి లెక్కేసింది. తెలివిని మెచ్చుకున్న మాటల్లో దాదాపు 63 శాతం తెల్ల చర్మం ఉన్నవాళ్లకు వెళ్లాయి. తెలివి తక్కువన్న విమర్శల్లో దాదాపు 63 శాతం నల్ల చర్మం ఉన్నవాళ్లకు. ఒంటి బలం గురించి మాట్లాడే అవకాశం నల్లవాళ్ల విషయంలో ఆరున్నర రెట్లు ఎక్కువ.

మీరు చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. మైదానంలో ఏ రంగువాళ్లు ఎంతమంది ఉన్నారో ముందే రాసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఒకే స్థానంలో ఆడేవాళ్లనే పోల్చండి, వింగర్‌ను వింగర్‌తో, సెంటర్ బ్యాక్‌ను సెంటర్ బ్యాక్‌తో. ఆరున్నర అడుగుల స్ట్రైకర్‌ను పొడుగని అనడం వివక్ష కాదు. ఒక్క మ్యాచ్ చూసి ఫలానా కామెంటేటర్ రేసిస్ట్ అని పోస్టు పెట్టేయకండి. ఈ పని మన చెవికి శిక్షణ ఇవ్వడానికి, ఎవరి మీదో తీర్పు చెప్పడానికి కాదు.

మన స్పోర్ట్స్ పేజీ నిఘంటువు

ఇప్పుడు ఇంటి సంగతి. నా పాత పేజీల కట్ట తీసి ఇదే పద్ధతిలో చూసుకున్నాను. వెస్టిండీస్ గేల్ ఆడితే సునామీ, తుపాను, విధ్వంసం. అదే జట్టు రస్సెల్ ఆడితే ఊచకోత. న్యూజిలాండ్ తెల్ల ఆటగాడు విలియమ్సన్ ఆడితే క్లాస్. ఇంగ్లండ్ తెల్ల ఆటగాడు రూట్ ఆడితే ఓపిక, పోరాటం. ఈ మాటలన్నీ నేను రాసినవే, ఒక్కటీ అబద్ధం కాదు. 2013లో గేల్ 66 బంతుల్లో 175 కొట్టిన రోజు తుపాను అనకపోతే ఇంకేమంటాం? కానీ ఆ మనిషికి టెస్టుల్లో రెండు ట్రిపుల్ సెంచరీలున్నాయి, 317, 333. గంటల తరబడి క్రీజులో నిలబడకుండా ఎవడూ ట్రిపుల్ సెంచరీ చేయలేడు. గేల్ పేరు పక్కన ఓపిక అనే మాట నా కట్టలో ఒక్కచోట కూడా దొరకలేదు.

మార్షల్ సంగతీ అంతే. ఫాస్ట్ బౌలర్లలో అతను పొట్టివాడి కిందే లెక్క. పక్కన ఆరడుగుల ఎనిమిది అంగుళాల గార్నర్ ఉండేవాడు. 1984లో లీడ్స్‌లో ఎడమ చేతి బొటనవేలు విరిగి, కట్టుతో బౌలింగ్ చేసి 53 పరుగులకు 7 వికెట్లు తీశాడు. టెస్టుల్లో మొత్తం 376 వికెట్లు, సగటు 20.94. ఒంటి బలంతోనే అయ్యే పని కాదది, బ్యాట్స్‌మన్‌ను చదివే బుర్ర కావాలి. మా వీధిలో మాత్రం మార్షల్ అంటే నల్లగా ఉండి భయపెట్టేవాడు.

కాబట్టి ఒక చిట్కా. తుపాను, సునామీ, చిరుత లాంటి మాట రాశాక, కింద ఒక్క వాక్యమైనా ఆ పని ఎలా చేశాడో రాయండి. బంతి ఎక్కడ పడుతోందో ఎలా పట్టాడు, ఫీల్డర్‌ను ఎటు లాగి ఎటు కొట్టాడు, కాలు ఎలా కదిలింది. ఆ వాక్యం రాయలేకపోతే మ్యాచ్ సరిగా చూడలేదన్నమాట. అప్పుడు రంగు కంటే ముందు వేరే సమస్య ఉంది.

"పుట్టుకతో వచ్చిన" అనే మాటతో ఇంకా జాగ్రత్త. కెన్యా రన్నర్ల గురించి రాసేటప్పుడు ఇది చేతిలోంచి దానంతటదే వచ్చేస్తుంది. కిప్చోగె 2019లో వియన్నాలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాడు. కోచ్ పాట్రిక్ సాంగ్ ఒలింపిక్ రజత పతక విజేత. కిప్చోగె రోజూ చేసిన ప్రాక్టీస్‌ను నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటాడు. ఇన్ని ఉండగా "పరుగు వాళ్ల రక్తంలోనే ఉంది" అని రాస్తే, ఆ నోట్‌బుక్కులన్నీ చెత్తబుట్టలో వేసినట్టే. అమెరికాలో 1988లో జిమ్మీ స్నైడర్ అనే టీవీ వ్యాఖ్యాత, నల్ల ఆటగాళ్లను బానిసత్వ కాలం నుంచే అలా పెంచారని మాట్లాడాడు. సీబీఎస్ అతన్ని తీసేసింది. మనం అంత దూరం వెళ్లం, కానీ ఆ దారి మొదలయ్యేది రక్తంలో ఉంది అనే దగ్గరే.

కోపం వచ్చినప్పుడు

మళ్లీ సెరెనా. ఆమె కోప్పడిన మాట నిజం, రాయాల్సిందే. నేను ఇప్పుడైతే ఇలా రాస్తాను: ఏ తప్పుకి ఏ శిక్ష, వరుసగా, ఆమె అంపైర్‌ను ఏమంది, తర్వాత పడిన జరిమానా 17 వేల డాలర్లు, మగ ఆటగాళ్లు ఇంతకన్నా పెద్ద మాటలన్నా ఇలాంటి శిక్షలు పడలేదన్న ఆమె వాదన. హెడ్డింగ్ ఒసాకాకు. ఇరవయ్యేళ్ల పిల్ల తొలి గ్రాండ్‌స్లామ్ గెలిస్తే నా పేజీలో ఆమె పేరు రెండో పేరాలో ఉంది. అదీ నా తప్పే, అది ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు.

అదే వారం మెల్‌బోర్న్‌లోని హెరాల్డ్ సన్ పత్రికలో కార్టూన్ వచ్చింది. సెరెనాకు లావు పెదాలు, భారీ శరీరం, పసిపిల్లలా రాకెట్ మీద గెంతడం. నల్లవాళ్లను వెక్కిరించే పాతకాలపు బొమ్మల్లా ఉందని ప్రపంచమంతా గొడవ చేసింది. ఆస్ట్రేలియా ప్రెస్ కౌన్సిల్ మాత్రం నియమాలు మీరలేదని తేల్చింది. నా మటుకు నాకు సెరెనా బొమ్మకన్నా వెనకున్న ఒసాకా బొమ్మే ఎక్కువ చెప్పింది. తండ్రి హైతీ, తల్లి జపాన్. కార్టూన్‌లో సన్నగా, బంగారు రంగు జుట్టుతో తెల్లమ్మాయిలా ఉంది. బుద్ధిమంతురాలిగా చూపించాలంటే రంగు కూడా మార్చాల్సి వచ్చిందేమో.

ఫొటో ఎంచుకునేటప్పుడు కూడా ఇదే చూడండి. అరుస్తున్న ఫొటో ఎవరికి పెడుతున్నాం, కప్పు ఎత్తిన ఫొటో ఎవరికి?

ఎవరినైనా రంగును బట్టి తిట్టారనే వార్త రాయాల్సి వస్తే

2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హైదరాబాద్ సిరాజ్‌ను ప్రేక్షకులు తిట్టారు. అతను అంపైర్లకు చెప్పాడు, కాసేపు ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. మన ఆటగాళ్ల మీద వివక్షతో కూడిన దూషణ జరిగిన మాట నిజమేనని తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా చెప్పింది. మన పేజీలు మండిపడ్డాయి, న్యాయమే. కానీ 2007లో వడోదరలో, ముంబైలో మన ప్రేక్షకులు ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను చూసి కోతి అరుపులు అరిచినప్పుడు నేను రాసిన వార్త బయటికి తీశాను. "అభిమానుల అత్యుత్సాహం" అని పెట్టి ఉంది. సిరాజ్ విషయంలో దూషణ, సైమండ్స్ విషయంలో ఉత్సాహం. పేర్లు మార్చి చదివే పద్ధతి ఇక్కడ చెంపదెబ్బలా పనిచేస్తుంది.

తిట్టిన మాటను యథాతథంగా వేయాలా? విచారణ ఆ మాట చుట్టూనే తిరుగుతుంటే ఒకసారి, లోపల, ఎవరు చెప్పారో రాసి వేయండి. హెడ్డింగ్‌లో వద్దు, థంబ్‌నెయిల్ మీద అసలే వద్దు. నిరూపణ కాకముందు "ఆరోపణ" అనే మాట మరవకండి. 2008 సిడ్నీ టెస్టు గొడవలో సైమండ్స్‌ను తిట్టాడని హర్భజన్ మీద వచ్చిన జాతి దూషణ ఆరోపణ అప్పీల్‌లో నిలవలేదు, వేరే అభ్యంతరకర మాటకు జరిమానా మాత్రం పడింది. ఈ రెండో సగాన్ని చాలామంది రాయరు.

సరదాకి అన్నాం అనే మాట వచ్చినప్పుడు వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీని గుర్తు తెచ్చుకోండి. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తనను "కాలూ" అనేవారని, దాని అర్థం బలమైన గుర్రం అనుకున్నానని, అసలు అర్థం నల్లోడని తెలిశాక కోపం వచ్చిందని 2020లో అతను చెప్పాడు. తర్వాత, అన్నవాళ్లలో ఒకరు మాట్లాడి ప్రేమతోనే అన్నామన్నారని, నమ్ముతున్నానని కూడా చెప్పాడు. రాసేవాళ్లు రెండూ రాయాలి. ప్రేమతోనే కావచ్చు, మా వీధిలోనూ నన్ను ప్రేమతోనే పిలిచారు. అర్థం తెలియని పేరుకి పలుకుతూ తిరగడం ఎలా ఉంటుందో మాత్రం ఆ వార్తలో ఒక వాక్యం ఉండాలి.

మాటల విషయం ఇంకొకటి. తెలుగులో "జాతి" అంటే దేశమూ అవుతుంది, పుట్టుకా అవుతుంది, కులమూ అవుతుంది. వర్ణవివక్ష అంటే దక్షిణాఫ్రికాలో చట్టంగా సాగినది గుర్తొస్తుంది. అందుకని మైదానంలో జరిగినదానికి నేను "రంగును బట్టి తిట్టారు" అని తేలిగ్గా రాయమంటాను. అందరికీ అర్థమవుతుంది. రంగే వార్త అయినప్పుడు మాత్రం దాచక్కర్లేదు. 1975లో వింబుల్డన్ గెలిచిన తొలి నల్లజాతి పురుషుడు ఆర్థర్ ఆష్ అని రాయకపోతే అది వార్తే కాదు.

పేర్ల గురించి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ కౌంటీకి ఆడినప్పుడు పుజారా పేరు పలకలేక "స్టీవ్" అన్నారు. మనం కోప్పడ్డాం కదా, మరి మనం ఆఫ్రికా ఆటగాళ్ల పేర్లు ఎన్ని రకాలుగా రాస్తున్నాం? ఆటగాడు తన పేరు తానే పలికిన వీడియో ఒక్కటి వెతికి, విని, అలాగే రాయండి.

మన దగ్గర రంగు ఒక్కటే కాదు

2016లో సింధు రియోలో రజతం గెలిచిన రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఇంటర్నెట్‌లో ఆమె కులం వెతికారు. 2021లో టోక్యోలో మన మహిళల హాకీ జట్టు సెమీస్ ఓడాక హరిద్వార్ దగ్గర జట్టులోని వందనా కటారియా ఇంటి ముందు కులం పేరుతో తిట్టారు. పైన చెప్పిన పేరు మార్చే పద్ధతి కులానికీ, ఊరికీ, డబ్బుకీ పనిచేస్తుంది. సిరాజ్ 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసినా ఇంకా "ఆటో డ్రైవర్ కొడుకు" అనే హెడ్డింగ్ కనిపించింది. వచ్చిన కొత్తలో ఒకసారి రాస్తే అందం, ప్రతి ఐదు వికెట్లకూ రాస్తే అది అతని సీమ్ పొజిషన్ గురించి రాయడం ఎగ్గొట్టడమే. బ్యాంక్ మేనేజర్ కొడుకు సెంచరీ అని ఎవరం రాయలేదు కదా.

క్లాసులో ఆఖరి రోజు ఒక వార్త ఇచ్చి రాయమంటాను. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు, సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. చిన్నప్పుడు ఆమె రూపం చూసి ఊళ్లో కోతి అన్నారని ఇంట్లోవాళ్లే చెప్పారు. పదిమందికి ఇస్తే ఎనిమిది మంది ఆ మాటతోనే హెడ్డింగ్ మొదలుపెడతారు, "అప్పుడు కోతి అన్నారు, ఇప్పుడు..." అని. వాళ్ల ఉద్దేశం మంచిదే. నాది కూడా నల్లకలువ రాసినప్పుడు మంచిదే.

వాళ్ల కాగితాలు తీసుకుని నేను హెడ్డింగ్ ఒక్కటే మారుస్తాను: "దీప్తికి పారాలింపిక్ కాంస్యం". తర్వాత రికార్డు, సమయం, ఆఖరి వంద మీటర్లు ఎలా సాగాయి, ప్రాక్టీస్ ఎక్కడ, కోచ్ ఎవరు. ఊళ్లో అన్న మాట ఏడో పేరాలో, ఇంట్లోవాళ్లు చెప్పినట్టుగా, ఒక్కసారి. చోటు చాలకపోతే ఆ ఏడో పేరానే కోసేయమంటాను.